అందరూ రిపోర్టులు పట్టుకొస్తారు: తిరిగొచ్చిన ఒక నర్సు కేస్ స్టడీ

ముప్పై ఏళ్లకు పైగా పరాయి దేశంలో నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక పుట్టి పెరిగిన ఊరికి వచ్చేసిన ఒకావిడ కేసు ఇది. ఆవిడ అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఏ ఊరు, ఏ దేశం అన్నది కావాలనే చెప్పడం లేదు.

దశాబ్దాల తర్వాత తిరిగొచ్చి కౌన్సెలింగ్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది "నాకిక్కడ ఎవరూ లేరండీ" అంటారు. ఈవిడ అలా అనలేదు. తమ్ముడి కుటుంబం నాలుగు వీధుల అవతలే ఉంది. చిన్నప్పటి క్లాస్‌మేట్లు ఉన్నారు. ఇరుగుపొరుగు తలుపు తట్టని రోజు లేదు. ఇంతమంది మధ్య ఆవిడ ఎందుకు ఒంటరిగా మిగిలారు, అందులోంచి ఎలా బయటికొచ్చారు అన్నది మా వృత్తిలో ఉన్నవాళ్లకూ, తిరిగి రావాలనుకుంటున్నవాళ్లకూ పనికొస్తుందని నా నమ్మకం. "నలుగురితో కలవండి" అన్న సలహా ఆవిడకు అప్పటికే చాలామంది ఇచ్చి ఉన్నారు. ఆవిడ కలుస్తూనే ఉన్నారు.

వచ్చిన సమస్య

ఫ్యామిలీ డాక్టరు పంపితే వచ్చారు. వయసు అరవై దాటింది. భర్త చాలా ఏళ్ల కిందటే పోయారు. ఒక్కతే కూతురు, తను విదేశంలోనే స్థిరపడింది. రాత్రి రెండు మూడింటికి మెలకువ వస్తుంది, మళ్లీ నిద్ర పట్టదు, పగలంతా నీరసం. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12, షుగర్ అన్నీ చూపించుకున్నారు, అన్నీ బాగానే ఉన్నాయి. మాటల మధ్యలో డాక్టరుతో "మళ్లీ అక్కడికే వెళ్లిపోదామనిపిస్తోంది" అన్నారట. ఆయన ఆ ఒక్క మాట పట్టుకుని నా దగ్గరికి పంపారు. చాలా మంచి పని చేశారు. ఒంటరితనం ఒంటిని కూడా దెబ్బతీస్తుందని చెప్పే ఆధారాలు ఇప్పుడు బలంగా ఉన్నాయి. జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 2010లో 148 అధ్యయనాలను, అంటే 3 లక్షల మందికి పైగా మనుషుల సమాచారాన్ని కలిపి చూసింది. మనుషులతో గట్టి సంబంధాలు ఉన్నవాళ్లు ఆ అధ్యయనాల కాలంలో బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువగా కనిపించింది.

మొదట డిప్రెషన్ సంగతి చూశాను. డిప్రెషన్‌ను కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం పీహెచ్‌క్యూ-9లో 27కి 8 వచ్చింది, అంటే స్వల్ప స్థాయి. చనిపోవాలన్న ఆలోచనలు లేవు. తర్వాత ఒంటరితనానికి వాడే మూడు ప్రశ్నల స్కేలు ఇచ్చాను. తోడు లేదనిపిస్తుందా, మిమ్మల్ని పక్కన పెట్టేశారనిపిస్తుందా, అందరికీ దూరంగా ఉన్నట్టనిపిస్తుందా, ఇంతే. 3 నుంచి 9 వరకు స్కోరు ఉంటుంది. ఆవిడకు 7 వచ్చింది. మొదటి ప్రశ్నకు "తరచూ" అని టిక్కు పెట్టారు.

ఆ అంకె చూసి ఒప్పుకోలేదు. "నా ఫోను చూడండి, పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది. నాకు ఒంటరితనమేంటండీ?" అన్నారు. మేం మాట్లాడుకుంటుండగానే ఒక మెసేజ్ వచ్చింది, ల్యాబ్ రిపోర్టు ఫోటో. కింద రాసింది ఆవిడే చదివి వినిపించారు: "అక్కా, క్రియాటినిన్ కొంచెం ఎక్కువుంది, కంగారు పడాలా?"

సోషియాలజిస్టు రాబర్ట్ వైస్ 1973లో ఒంటరితనాన్ని రెండు రకాలుగా విడదీసి చెప్పారు. చుట్టూ మనవాళ్లనే గుంపు లేకపోవడం ఒకటి, మనసు విప్పి చెప్పుకునే మనిషి లేకపోవడం ఇంకోటి. ఒకదాని లోటు రెండోది తీర్చదు. ఈవిడ ఫోను మోగడం ఆగదు, లోటు మాత్రం రెండో రకంది.

నేపథ్యం

ఇరవైల చివర్లో వెళ్లారు. మొదటి కొన్నేళ్లు ఎక్కువగా నైట్ షిఫ్టులే. అదే బ్యాచ్‌లో చేరిన మరో ముగ్గురు నర్సులతో స్నేహం అక్కడే మొదలైంది. నలుగురూ ఒకే కారులో ఇళ్లకు చేరేవారు. షిఫ్టు అయ్యాక పార్కింగ్‌లో కారు ఆపుకుని ఇంకో అరగంట కబుర్లు చెప్పుకునేవారట. ఆ ముగ్గురిలో ఒకావిడ, ఈవిడ తిరిగి రావడానికి ఏడాది ముందు క్యాన్సర్‌తో పోయారు. ఈ విషయం ఒకే ఒక్క వాక్యంలో చెప్పి, వెంటనే ఇంటి మరమ్మతుల గురించి మాట్లాడటం మొదలెట్టారు. నేను నోట్స్‌లో కింద గీత గీసుకున్నాను.

అక్కడున్నన్నాళ్లూ రెండు మూడేళ్లకోసారి సెలవు మీద వచ్చేవారు. వచ్చిన ప్రతిసారీ చుట్టాలందరూ తమ పనులు మానుకుని చుట్టూ చేరేవారు. ఆవిడ మనసులో ఉన్న ఊరు ఆ సెలవుల్లో చూసిన ఊరే. శాశ్వతంగా వచ్చేశాక కూడా మొదటి నెలన్నర అలాగే గడిచింది. తర్వాత ఎవరి పనుల్లోకి వాళ్లు వెళ్లిపోయారు. అందులో ఎవరి తప్పూ లేదు. కానీ ఆవిడకు అది తనను వదిలేసినట్టుగా తగిలింది.

దీని గురించి పాత పరిశోధన కొంత ఉంది. జాన్, జీన్ గల్లాహార్న్ దంపతులు 1963లో, పరాయి దేశం వెళ్లినప్పుడు ఒకసారి, తిరిగొచ్చాక మరోసారి మనసు కుంగి లేస్తుందని చెప్పారు. ఆ లెక్క అందరికీ సరిపోదని తర్వాతి పరిశోధనల్లో తేలింది కాబట్టి నేను దాన్ని క్లయింట్లకు చూపించను. "మరో ఆరు నెలలకు అదే సర్దుకుంటుంది" అన్న తప్పుడు భరోసా దాంతో వచ్చేస్తుంది. నాకు ఎక్కువ పనికొచ్చింది అంతకు ముందుది, 1945లో ఆల్ఫ్రెడ్ షుట్జ్ రాసిన వ్యాసం. కొత్త చోటికి వెళ్లేవాడికి అక్కడంతా కొత్తగా ఉంటుందని ముందే తెలుసు. తిరిగొచ్చేవాడు మాత్రం అంతా తెలిసిందే అనుకుని వస్తాడు, అందుకే అతని దెబ్బ వేరుగా ఉంటుందని ఆయన అంటారు. ఈ మాట చెప్పినప్పుడు ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అక్కడికి వెళ్లినప్పుడు బస్సు ఎలా ఎక్కాలో కూడా అడిగి తెలుసుకున్నా. ఇక్కడ అడగాలంటే సిగ్గేస్తుంది, నా ఊరే కదా" అన్నారు.

మూడు వృత్తాలు

మనిషి చుట్టూ ఉన్నవాళ్లను మూడు వృత్తాల్లో రాయించే పద్ధతి ఒకటుంది, 1980లో రాబర్ట్ కాన్, టోనీ ఆంటనూచీ చెప్పింది. మధ్యలో "నేను". మొదటి వృత్తంలో, వీళ్లు లేకుండా బతుకు ఊహించలేను అనుకునేవాళ్లు. తర్వాత అంత దగ్గర కాకపోయినా ముఖ్యమైనవాళ్లు. బయటి వృత్తంలో మిగతా అవసరమైనవాళ్లు. తిరిగొచ్చినవాళ్లతో పనిచేసేటప్పుడు నాకు ఇంతకంటే పనికొచ్చే కాగితం లేదు.

ఆవిడ బయటి వృత్తం నుంచి మొదలెట్టారు. పేర్లు చకచకా పడుతున్నాయి, చోటు చాలక అంచుల్లో కూడా రాశారు. మధ్య వృత్తంలో తమ్ముడు, తమ్ముడి భార్య, చిన్నప్పటి స్నేహితురాలు ఒకావిడ. లోపలి వృత్తం దగ్గర పెన్ను ఆగింది. కూతురి పేరు రాశారు. అక్కడి స్నేహితురాళ్లు ఇద్దరి పేర్లు రాశారు. తర్వాత నా టేబుల్ మీదున్న పెన్సిల్ అడిగి తీసుకుని, చనిపోయిన స్నేహితురాలి పేరు చిన్నగా రాశారు. "ఈ పేరు రాయొచ్చా?" అని అడిగారు. తప్పకుండా రాయమన్నాను.

ఆ కాగితం మీదే ఇంకో పని చేయించాను. ఈ నెలలో ఎవరు ఎవర్ని ఏదైనా అడిగారో బాణం గుర్తులు వెయ్యమన్నాను. రిపోర్టు చూడమని, ఏ డాక్టరు మంచివాడో చెప్పమని, అప్పు ఇమ్మని, కొడుకు విదేశీ చదువుకి దారి చూపమని, బయటి వృత్తం నుంచి ఆవిడ వైపు బాణాలే బాణాలు. ఆవిడ నుంచి బయటికి ఒక్క బాణం కూడా లేదు. కావాలని లెక్కపెట్టుకుని చూశారు. ప్లంబర్ నంబరు కూడా తమ్ముణ్ని అడక్కుండా ఆన్‌లైన్‌లో వెతుక్కున్నారు.

నేను ఈ కేసు రాయడానికి అసలు కారణం ఈ బాణాలే. ఊరు ఆవిడను వెలివెయ్యలేదు, నెత్తిన పెట్టుకుంది. కానీ నర్సుగా, సలహాలిచ్చే పెద్దమనిషిగా. ఆ గౌరవం తీసుకుంటున్నంతకాలం ఆవిడను మామూలు మనిషిగా చూసే అవసరం ఎవరికీ రాలేదు, ఆవిడ రానివ్వలేదు.

ఇంకో రెండు విషయాలు బయటపడ్డాయి. ఒకటి, సాయంత్రాలు. అక్కడి స్నేహితురాళ్లకూ కూతురికీ ఫోన్ చేసే వేళ సరిగ్గా ఇక్కడ జనం ఇళ్లలోంచి బయటికొచ్చే వేళ. రోజూ గంటన్నర, రెండు గంటలు ఫోన్‌లోనే గడిచిపోయేది. మనిషి ఇక్కడున్నా సాయంత్రాలు ఇంకా అక్కడే ఉన్నాయి. రెండోది, గంటలు. జెఫ్రీ హాల్ 2018లో, కొత్త చోటికి మారినవాళ్లనూ కొత్తగా కాలేజీలో చేరినవాళ్లనూ గమనించి ఒక అంచనా ఇచ్చారు. పరిచయం మామూలు స్నేహం కావడానికి కలిసి గడిపిన సమయం సుమారు 50 గంటలు ఉండాలి. స్నేహితులం అనుకోవడానికి 90, దగ్గరి స్నేహానికి 200 దాటాలి. అందులోనూ పని మీద కలిసున్న గంటలకంటే తీరిగ్గా గడిపిన గంటలకే విలువెక్కువ. ఆ అధ్యయనం పెద్దవయసువాళ్ల మీద చేసింది కాదు, కాబట్టి అంకెలను యథాతథంగా పట్టుకోకూడదు. కానీ చిన్నప్పటి స్నేహితురాలిని రెండు నెలలకోసారి రెండు గంటలు కలుస్తుంటే 200 గంటలు పూర్తవడానికి పదహారేళ్లు దాటుతుందని లెక్కవేసి చూపిస్తే, ఆవిడకు తన సమస్య ఒక్కసారిగా అర్థమైంది. అక్కడి స్నేహాలు తన మంచితనం వల్ల వచ్చాయనీ, ఇక్కడ కుదరకపోవడం తన లోపమనీ అనుకుంటూ వచ్చారు. పార్కింగ్‌లో ఆ అరగంటలు ఏళ్ల తరబడి ఎన్ని కలిసుంటాయో అప్పుడు గుర్తుచేశాను.

ఏం చేశాం

మొదట ఫోన్లు. అక్కడివాళ్లతో మాటలు తగ్గించమని నేను అడగలేదు, ఆ పని ఎవరికీ చెప్పను కూడా. లోపలి వృత్తంలో ఉన్నది వాళ్లే. వేళ మాత్రం మార్చాం. కూతురితో తెల్లవారుజామున, అదీ ఆవిడకు ఎలాగూ మెలకువ వచ్చే సమయానికి కాస్త అటూ ఇటూగా. స్నేహితురాళ్లతో ఆదివారం తీరిగ్గా. వారంలో మిగతా సాయంత్రాలు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీ మొదట భరించలేకపోయారు. ఇంకా ఏమీ నింపకముందే ఉన్నది తీసేశారని నా మీద కోపం కూడా వచ్చింది. ఆ కోపం న్యాయమైనదే. అందుకే రెండో పని వెంటనే మొదలెట్టాం.

రెండోది రిపోర్టులు. పూర్తిగా మానెయ్యమంటే ఆవిడ మానరు, మానాల్సిన అవసరమూ లేదు, తనకూ అది ఇష్టమైన పని. కానీ దానికొక హద్దు పెట్టాం. శనివారం ఉదయం రెండు గంటలు. మిగతా రోజుల్లో ఎవరైనా పంపితే చెప్పాల్సిన వాక్యం ఇద్దరం కలిసి రాసుకున్నాం: "శనివారం పొద్దున రామ్మా, కూర్చుని చూద్దాం. ఈలోపు కంగారుగా ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లు." కొందరు నొచ్చుకున్నారు. ఒక చుట్టం "విదేశీ డబ్బు రాగానే మనుషులు మారిపోతారు" అన్నారట. ఆవిడ ఆ రాత్రి నిద్రపోలేదు. అయితే శనివారం వచ్చినవాళ్లు కూర్చోవడం మొదలెట్టారు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలిపోయే విషయానికి ఎదురుగా కూర్చుంటే పిల్లల గురించి, ఇంటి గురించి మాటలు వచ్చాయి. ఇది నేను ఊహించని లాభం.

మూడోది, వెళ్లడానికి ఒక చోటు. ఇక్కడ నేను కాస్త పట్టుబట్టాను. తనలాగే తిరిగొచ్చినవాళ్ల సంఘం ఒకటి ఊరికి ఆ చివరన నెలకోసారి కలుస్తుంది, అందులో చేరతానన్నారు. అలాంటి సంఘాలు మంచివే. పెన్షన్ కాగితాల సంగతి, పన్నుల సంగతి అక్కడ తెలిసినంత ఇంకెక్కడా తెలియదు. ఏమీ వివరించకుండానే అర్థం చేసుకుంటారు. కానీ నెలకోసారి, గంట ప్రయాణం చేసి వెళ్లే చోట గంటలు ఎప్పటికి పోగవుతాయి? పైగా అక్కడ మాటలన్నీ వదిలొచ్చిన దేశం చుట్టూనే తిరుగుతాయి. ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ అనే పరిశోధకులు 1950లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ విద్యార్థుల ఇళ్ల సముదాయంలో చూసింది నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. పక్క తలుపువాళ్లను స్నేహితులుగా చెప్పినవాళ్లు 41 శాతం, అదే అంతస్తులో ఆ చివరున్నవాళ్లను చెప్పినవాళ్లు 10 శాతం. ఒకే వరండాలోనే అంత తేడా ఉంటే, గంట ప్రయాణం దూరంలో ఎంతుంటుంది?

కాబట్టి మేం వెతికిన చోటుకి షరతులు ఇవి: నడిచి వెళ్లగలగాలి, వారానికి రెండుసార్లయినా ఉండాలి, అవే మొహాలు కనబడాలి, చేతికో గొంతుకో పని ఉండాలి, ముఖ్యంగా అక్కడ ఆవిడకు ఏమీ రాకూడదు. ఈ చివరి షరతు విని ఆశ్చర్యపోయారు. వచ్చిన పని చేసేచోట ఆవిడ వెంటనే సీనియర్ అయిపోతారు, నాలుగు రోజుల్లో బాధ్యతలన్నీ మీద వేసుకుంటారు. ఏమీ రానిచోట అడగక తప్పదు.

లైబ్రరీ హాల్లో వారానికి రెండు సాయంత్రాలు కలిసి పాడుకునే బృందం ఒకటి దొరికింది. అన్ని వయసులవాళ్లూ ఉన్నారు, పరీక్షలూ పోటీలూ లేవు. పాట విషయంలో నాకు ఇంకో కారణం కూడా ఉంది. పియర్స్, లాన్నే, డన్‌బార్ 2015లో వయోజనుల క్లాసులను ఏడు నెలలు గమనిస్తే, పాట క్లాసులవాళ్లు చేతిపనుల క్లాసులు, రచన క్లాసులవాళ్లకంటే ముందుగా దగ్గరయ్యారు. చివరికి వచ్చేసరికి అన్ని క్లాసులవాళ్లూ సమానమే. అంటే పాట గొప్పదని అర్థం కాదు, మొదటి బెరుకు తొందరగా పోగొడుతుంది. మొదటి నెలలోనే మానేసే ప్రమాదం ఉన్న మనిషికి అదే కావాలి.

మొదటి కొన్ని వారాలూ వచ్చి ఒకటే మాట: "నేనంటే వాళ్లకు పెద్దగా పడలేదండీ." ఎలా తెలిసిందని అడిగితే తెలిసిందంతే. ఎరికా బూత్‌బీ, ఆమె సహచరులు 2018లో చూపించిన సంగతి చెప్పాను. కొత్తవాళ్లతో మాట్లాడాక, అవతలివాళ్లకు మనం ఎంత నచ్చామో మనం సాధారణంగా తక్కువ అంచనా వేస్తాం. చెప్పడం సరిపోదు కాబట్టి, ప్రతి రిహార్సల్ తర్వాత జరిగింది మాత్రమే రాసుకురమ్మన్నాను, అనిపించింది వద్దన్నాను. నర్సు కదా, కేస్ షీట్ రాసినట్టే రాశారు: "6:10కి వెళ్లాను. మూడో వరసలో కుర్చీ మీద ఒకావిడ తన బ్యాగు పెట్టి ఉంచింది. నన్ను చూసి తీసింది." తను రాసింది తనే గట్టిగా చదివాక, ఆ కుర్చీ ఎవరికోసం ఆపి ఉంచారో అడగాల్సిన అవసరం నాకు రాలేదు.

"అక్కడైతే" అన్న మాట మీద కూడా కొంత పనిచేశాం. హాల్లో ఏసీ చెడిపోయినా, రిహార్సల్ ఆలస్యమైనా నోట్లోంచి "అక్కడైతే" అని వచ్చేది. ఆవిడ ఉద్దేశం పోల్చి చెప్పడమే, కానీ వినేవాళ్లకు అది తమను తక్కువ చేసినట్టు వినిపిస్తుంది. ముప్పై ఏళ్ల జీవితాన్ని నోరు మూసుకుని దాచిపెట్టమనడం అన్యాయం. అందుకని తీర్పుకి బదులు కథ చెప్పమన్నాను. "అక్కడైతే టైముకి మొదలెడతారు" బదులు, తన మొదటి నైట్ షిఫ్టుకి ఆలస్యంగా వెళ్లి ఏం అవస్థ పడ్డారో చెప్పడం. విన్నవాళ్లు నవ్వారు, వాళ్ల కథలు చెప్పారు.

అన్నిటికంటే కష్టమైంది బాణాలు తిప్పడం. వారానికి ఒకటి, ఎవర్నైనా ఒక చిన్న సాయం అడగాలి. జెకర్, లాండీ 1969లో చేసిన ప్రయోగం ఒకటుంది. పోటీలో డబ్బు గెలిచినవాళ్లను, "ఇది నా సొంత డబ్బు, దయచేసి తిరిగిస్తారా" అని ప్రయోగం నడిపిన మనిషి స్వయంగా అడిగాడు. అలా ఆయనకు సాయం చేసినవాళ్లకు, అడగబడని వాళ్లకంటే ఆయన ఎక్కువ నచ్చాడు. మనం ఎవరికి సాయం చేస్తామో వాళ్లంటే మనకు ఇష్టం పెరుగుతుంది. ఎప్పుడూ ఇచ్చే చెయ్యే అయితే అవతలి మనిషికి ఆ అవకాశమే ఉండదు.

"ముప్పై ఏళ్లు వాళ్లకూ వీళ్లకూ చేసినదాన్ని, నాకు చెయ్యండని అడుక్కోవాలా?" అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇందులో వృత్తి ఉంది, చిన్న వయసులో భర్త పోయి ఒక్కతే నెట్టుకొచ్చిన బతుకు ఉంది. తొందరపెట్టలేదు. మొదటి సాయం చాలా చిన్నది. పక్కింటి కుర్రాణ్ని ఎత్తులో ఉన్న బల్బు మార్చమన్నారు. నిలబడి చేసే ఉద్యోగం వల్ల మోకాళ్లు అరిగిపోయాయి, స్టూలు ఎక్కలేరు. అంతకుముందు నాలుగు నెలలుగా ఆ గది చీకట్లోనే ఉంది. కుర్రాడు రెండు నిమిషాల్లో మార్చేసి, "ఆంటీ, ముందే చెప్పొచ్చు కదా, ఇంకేమన్నా ఉన్నాయా?" అన్నాడట. తర్వాత తమ్ముడి భార్యను బట్టలు కుట్టేచోటికి తోడు రమ్మన్నారు. పాట గ్రూపులో మూడో వరస ఆవిణ్ని, ఇల్లు దారిలోనే కాబట్టి తిరుగు ప్రయాణంలో కారులో దింపమన్నారు. ఇది నేను సూచించింది కాదు, ఆవిడకే తట్టింది.

కొన్ని వారాలకు, దింపాక కూడా కారు ఇంటి ముందు ఆగి ఉండటం మొదలైంది. పావుగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అలాంటి ఒక సాయంత్రం ఆవిడ చనిపోయిన స్నేహితురాలి గురించి చెప్పారు. ఈ ఊళ్లో ఆ మనిషి పేరు విన్నవాళ్లు కూడా లేరు. చుట్టాల్లో ఎవరైనా పోతే పరామర్శకు వస్తారు. ముప్పై ఏళ్లు పక్కన నడిచిన స్నేహితురాలు పోతే ఎవరు వస్తారు? చుట్టూ ఉన్నవాళ్లు దుఃఖంగా గుర్తించని దుఃఖం గురించి కెనెత్ డోకా 1989లో రాశారు, తిరిగొచ్చినవాళ్లలో నాకది తరచూ కనిపిస్తుంది. అడిగి చూడకపోతే బయటపడదు. ఈవిడ విషయంలో నా గదిలో ఆ దుఃఖం గురించి మేం ముందే మాట్లాడుకున్నాం, కానీ నాకు చెప్పడం వేరు. కారులో కూర్చున్న ఆవిడ "ఆమె ఫోటో ఉందా?" అని అడిగిందట. ఆ ప్రశ్న గురించి చెబుతూ మా క్లయింటు మొహం వెలిగిపోయింది.

మధ్యలో వచ్చిన చిక్కు

పాట గ్రూపులో ఒకాయనకు రిహార్సల్ మధ్యలో కళ్లు తిరిగాయి. ఈవిడ ఊరుకోగలరా? పడుకోబెట్టి, కాళ్లు ఎత్తిపెట్టి, నాడి చూసి, అంబులెన్సు పిలిపించారు. ఆయన క్షేమంగా ఇంటికొచ్చారు. ఆ మరుసటి వారం నుంచి హాల్లో రిపోర్టులు మొదలయ్యాయి. నా దగ్గరికి వచ్చి "అయిపోయిందండీ, మళ్లీ నర్సునైపోయా" అన్నారు.

నాకు అది అంత పెద్ద చిక్కుగా అనిపించలేదు. అప్పటికి వాళ్లు ఆవిడను తాళం తప్పే మనిషిగా, కారులో దింపాల్సిన మనిషిగా, కథలు చెప్పే మనిషిగా చూసి ఉన్నారు. నర్సు అన్నది ఆ వరసలో ఇంకోటి అయింది. అయినా జాగ్రత్త పడ్డాం. శనివారం వాక్యమే అక్కడా వాడారు. ఈసారి ఎవరూ నొచ్చుకోలేదు. మూడో వరస ఆవిడే ముందుకొచ్చి "పాటప్పుడు ఆవిణ్ని వదిలెయ్యండర్రా" అన్నారట. హద్దు తను పెట్టుకోవడం ఒక మెట్టు. తన కోసం ఇంకొకరు ఆ హద్దు కాపాడటం ఇంకో మెట్టు. ఈ రెండో దానికోసం నేను చాలా కేసుల్లో ఎదురుచూసి రాక నిరాశపడ్డాను.

చిన్నప్పటి స్నేహితురాలితో మాత్రం పెద్దగా మార్పు లేదు. కలిసిన ప్రతిసారీ స్కూలు కబుర్లే, అవి అయిపోగానే మౌనం. ఊరికే కూర్చోకుండా కలిసి ఏదైనా పని పెట్టుకోమన్నాను. రెండుసార్లు ప్రయత్నించి వదిలేశారు. పాత స్నేహాలన్నీ మళ్లీ చిగురించాలని లేదు. అదొక మంచి జ్ఞాపకంగా, ఎప్పుడో ఒకసారి కలిసే స్నేహంగా ఉండనివ్వడానికి ఇద్దరూ సిద్ధపడ్డారు.

ఇప్పుడు

ఏడాది తర్వాత వృత్తాలు మళ్లీ గీయించాను. బయటి వృత్తంలో పేర్లు తగ్గాయి. మధ్య వృత్తంలో పాట గ్రూపు నుంచి ముగ్గురు చేరారు. తమ్ముడి భార్య పేరు లోపలి గీత మీద ఉంది. మూడో వరస ఆవిడ పేరు ఎక్కడ రాయాలో కాసేపు ఆలోచించి, లోపలే రాశారు. పెన్సిల్ పేరు పెన్నుతో రాశారు. బాణాలు రెండు వైపులా ఉన్నాయి. ఒంటరితనం స్కోరు 7 నుంచి 5కి వచ్చింది. పీహెచ్‌క్యూ-9 స్కోరు 4. నిద్ర మెరుగుపడింది, పూర్తిగా కాదు. వెళ్లిపోదామన్న ఆలోచన పోయిందా అని అడిగితే, "పోలేదు, కానీ రోజూ రావట్లేదు" అన్నారు. ఆ దేశపు రెసిడెన్సీ కాగితాలు వదులుకోలేదు, వదులుకోమని నేనూ చెప్పను.

ఇదంతా మేం చేసినదాని వల్లే అని తేల్చలేను. తిరిగొచ్చాక గడిచిన కాలం కూడా తన పని తను చేసి ఉంటుంది. ఇంకో సంగతి, ఈ పద్ధతి అందరికీ నప్పదు. డిప్రెషన్ తీవ్రంగా ఉంటే ముందు దానికి వైద్యం. ఇంట్లో మంచం పట్టిన తల్లిదండ్రులను చూసుకోవడానికే తిరిగొచ్చినవాళ్లకు వారానికి రెండు సాయంత్రాలు దొరకవు, వాళ్లకు ముందు చేతి సాయం ఏర్పాటు చెయ్యాలి. వినికిడి తగ్గినవాళ్లను గుంపులోకి పంపేముందు చెవులు పరీక్ష చేయించండి. గోలలో మాట వినబడక మౌనంగా కూర్చుని, జనం పట్టించుకోలేదనుకుని మానేసినవాళ్లను చూశాను. జంటగా తిరిగొచ్చినవాళ్లలో ఇద్దరి చేతా విడివిడిగా వృత్తాలు గీయించాలి. ఒకరి సర్కిల్ మీద ఇంకొకరు బతికేస్తున్న సంగతి లేకపోతే తెలియదు.

ప్రస్తుతం మూడు నెలలకోసారి కలుస్తున్నాం. ఆవిడకు మోకాలి మార్పిడి ఆపరేషన్ దగ్గర్లో ఉంది. కూతురు రావడానికి కుదిరేది రెండు వారాలే. మిగతా రోజులకు ఎవరు ఎప్పుడు తోడుండాలో ఆవిడే అందర్నీ అడిగి, కాగితం మీద రాసుకొచ్చి నాకు చూపించారు: ఆసుపత్రి రాత్రులు తమ్ముడి భార్య, ఇంటికొచ్చాక మధ్యాహ్నాలు పాట గ్రూపువాళ్లు వంతులవారీగా, ఫిజియోథెరపీకి తీసుకెళ్లడం పక్కింటి కుర్రాడు. శనివారం రిపోర్టుల పని ఆ నెలన్నరా ఆపేస్తానని ముందే అందరికీ చెప్పేశారు. అన్ని వారాలు రిహార్సల్‌కి వెళ్లలేరు కాబట్టి, వారానికి ఒక సాయంత్రం వాళ్లే ఆవిడ ఇంటికొచ్చి పాడుకోవచ్చా అన్నది ఇంకా తేలలేదు. అడగాలా వద్దా అని ఆలోచిస్తున్నారు.